పొగతోట మేడమీద ఆదివారపు శ్రవణ పాఠాలు: అమెరికా పాట ఎన్ని ఊళ్ల నీళ్లు తాగిందో వినిపించే ప్రయత్నం

నెల్లూరు పొగతోటలో, ఆసుపత్రులకూ మందుల దుకాణాలకూ మధ్య ఉన్న ఒక ఇరుకు సందులో, పాత రికార్డు ప్లేయర్లనూ యాంప్లిఫయర్లనూ బాగుచేసి అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. ఆ దుకాణం మేడమీది గదిలో ఆదివారం సాయంత్రాలు అమెరికన్ జనప్రియ సంగీతపు మూలాల గురించి శ్రవణ పాఠాలు జరుగుతున్నాయి. ఎనిమిది సాయంత్రాల వరస అది. ఒక్కో సాయంత్రానికి 150 రూపాయలు, మొత్తం వరసకు ఒకేసారి కడితే 1,000 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. ఇటీవల ముగిసిన వరసను మొదటి నుంచి చివరి దాకా విన్న శ్రోతగా ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంగ్లీషు పాటలంటే హోటళ్లలో వినిపించే హోరు మాత్రమేనని అనుకునేవారికీ, ఆ పాటలను ఏళ్ల తరబడి ఇష్టంగా వింటూ వాటి పుట్టుక గురించి ఆలోచించనివారికీ కూడా ఈ పాఠాలను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. లోపాలు లేవని కాదు, వాటిని కూడా దాచకుండా చెబుతాను.

ముందుగా ఏర్పాట్ల సంగతి. గదిలో ముప్పై మంది దాకా కూర్చోవచ్చు. వినిపించేవాటిలో ఎక్కువ భాగం పాత 78 ఆర్‌పీఎం ప్లేట్లను తిరిగి ముద్రించిన ఎల్పీలు, మిగిలినవి కంప్యూటరు నుంచి వచ్చే ఫైళ్లు. ఈ విషయాన్ని నిర్వాహకుడు ప్రతిసారీ ముందుగానే చెబుతారు, అది నాకు నచ్చింది. వందేళ్ల నాటి ధ్వనిముద్రణల్లోని గరగరను ఆయన పూర్తిగా తీసివేయరు. ఆ గరగర అడుగున గొంతు ఎక్కడ ఉందో, ఫిడేలు ఎక్కడ ఉందో పట్టుకోవడం చెవికి మొదటి పావుగంటలోనే అలవాటవుతుంది. ఇవన్నీ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నప్పుడు డబ్బు ఎందుకు కట్టాలని ఎవరైనా అడగవచ్చు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2011 నుంచి తన నేషనల్ జ్యూక్‌బాక్స్ ద్వారా వేలాది పాత రికార్డులను అందరికీ వినిపిస్తున్న మాట నిజమే. అయితే ఆ రాశిలో ఏ పాట పక్కన ఏ పాట పెట్టి వింటే బంధుత్వం తెలుస్తుందో చెప్పేవారు కావాలి. ఈ మేడమీద మనం డబ్బు కట్టేది ఆ వరసకే.

మొదటి సాయంత్రం బాంజోతో మొదలవుతుంది. తెల్లజాతి పల్లె సంగీతానికి గుర్తుగా ప్రపంచమంతా భావించే ఈ వాద్యానికి పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నారు. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకొంటింగ్ వాద్యం వారిలో ఒకటి. ఎండిన కాయ బుర్రకు తోలు బిగించి, పొడవాటి దండి అమర్చి, మూడు తంతులు కట్టి, వాటిలో పొట్టిదాన్ని బొటనవేలితో మీటుతారు. నిర్వాహకుడు ముందు అకొంటింగ్ వాదనాన్ని, వెంటనే అమెరికాలోని అపలాచియన్ కొండల బాంజో వాదనాన్ని వినిపించినప్పుడు, గోరు కిందికి కొట్టే దెబ్బా, ఆ వెంటనే బొటనవేలు వేసే మీటూ రెండింట్లోనూ ఒకే నడకలో సాగడం సంగీతం తెలియనివారికి కూడా స్పష్టంగా వినిపించింది. బానిసలుగా ఓడల్లో తరలించబడినవారు తమ చేతుల్లోని ఈ జ్ఞానాన్ని కరీబియన్ దీవుల మీదుగా అమెరికాకు చేర్చారు. ఐర్లండు, స్కాట్లండు నుంచి వలస వచ్చినవారి ఫిడేలు అక్కడ దానికి జతకలిసింది. ఐరోపా నుంచి వచ్చిన వయొలిన్ కర్ణాటక కచేరీలో, హార్మోనియం పద్యనాటకంలో ఎంతగా సొంతమయ్యాయో నెల్లూరు, ఒంగోలు శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు కాబట్టి, ఒక వాద్యం చేతులు మారి కొత్త ఇంటిపేరు తెచ్చుకోవడం ఈ గదిలో ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఆ సాయంత్రమే ఆయన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల గురించి కూడా చెప్పారు. 1843లో న్యూయార్కులో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే నలుగురు తెల్లవారు ముఖాలకు మసి పూసుకుని, బాంజో, ఫిడేలు, టాంబురీన్, ఎముకల తాళం పట్టుకుని నల్లవారిని ఎగతాళి చేస్తూ ఆడిపాడారు. ఆ తరహా ప్రదర్శన దశాబ్దాల పాటు ఆ దేశపు అతి పెద్ద వినోదంగా నిలిచింది. బాంజో తెల్లవారి ఇళ్లలోకి చేరిన దారి చాలావరకు ఈ అవమానం గుండానే సాగింది. సంస్కృతుల కలయిక అనగానే అందరూ ఇష్టంతో ఒకచోట చేరి పాడుకున్నారన్న తీపి బొమ్మ గీయడం సులభం. ఈ పాఠాల్లో ఆ పని జరగలేదు. ఎవరి నుంచి ఏది వచ్చిందో చెప్పడంతో పాటు, దానికి ఎవరికి డబ్బు దక్కిందో, ఎవరికి పేరు దక్కలేదో కూడా ప్రతి సాయంత్రమూ చెప్పారు. ఈ వరస విలువ ముఖ్యంగా అక్కడే ఉందని నా అభిప్రాయం.

రెండో సాయంత్రం చర్చి పాటలకు సంబంధించినది, మా జిల్లాలవారికి అన్నిటికంటే దగ్గరైనది కూడా అదే. 1835లో అమెరికాలో విలియం వాకర్ ప్రచురించిన సదరన్ హార్మొనీ అనే పాటల పుస్తకంలో, జాన్ న్యూటన్ అనే ఆంగ్లేయ మతగురువు అంతకు చాలాకాలం ముందే రాసిన అమేజింగ్ గ్రేస్ గీతం న్యూ బ్రిటన్ అనే బాణీతో జతకలిసింది. ఈనాడు లోకమంతా పాడుతున్నది ఆ జతనే. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాసంస్థ విద్యార్థులు, వారిలో చాలామంది బానిసత్వం నుంచి విముక్తులైనవారు, తమ కళాశాలను అప్పుల నుంచి కాపాడటానికి ఊరూరా తిరిగి స్పిరిచువల్స్ అనే నల్లవారి భక్తిగీతాలు పాడారు. పొలాల్లోనూ రహస్య ప్రార్థనల్లోనూ మాత్రమే వినిపించిన పాట అలా వేదిక ఎక్కింది. బ్లూస్ అనే నల్లవారి పాటరీతిలో పియానో వాయించి జార్జియా టామ్‌గా పేరు తెచ్చుకున్న థామస్ డోర్సీ, 1932లో భార్యనూ అప్పుడే పుట్టిన బిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్ రాశాడు. అతని యువదినాల బ్లూస్ రికార్డు ఒకటి, ఆ తరువాత ఈ గీతం వెంటవెంట వినిపించినప్పుడు, రెండింటినీ నడిపించిన చెయ్యి ఒకటేనని ఎవరూ విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇక్కడే నిర్వాహకుడు మా ఊరి సంగతి ఎత్తారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఆ మిషన్‌ను మూసివేయాలా వద్దా అని అమెరికాలో చర్చ జరిగిన 1853లో, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఈ నెల్లూరు మిషన్ మీద లోన్ స్టార్ అనే కవిత రాశాడు. 1831లో అమెరికా అనే దేశభక్తి గీతాన్ని రాసినవాడూ ఆ స్మిత్తే. ఆ గీతానికి ఎంచుకున్న బాణీ బ్రిటిష్ రాజగీతం గాడ్ సేవ్ ది కింగ్‌ది. వలసపాలనలో మన బడిపిల్లలు రాజుగారి కోసం పాడిన స్వరాన్నే, ఆ రాజును కాదన్న దేశంవారు తమ స్వేచ్ఛను కీర్తించడానికి వాడుకున్నారన్నమాట. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, “అయ్యా, మా సంఘంలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు పైన రాగం, తాళం రాసి ఉంటాయి, ఆ పక్కనే దొరల మెట్టులో పాటలూ ఉంటాయి, మాకు రెండూ మావే” అన్నారు. నిర్వాహకుడు “అవునమ్మా, అది కూడా ఈ కథలో భాగమే” అని, ఆమె చేత ఒక కీర్తన పాడించారు. కార్యక్రమంలో రాసిపెట్టి ఉండని ఆ ఐదు నిమిషాలు ఆ సాయంత్రానికి నిండుదనం తెచ్చాయి.

న్యూ ఆర్లియన్స్‌కు కేటాయించిన మూడో సాయంత్రంలో నిర్వాహకుడి సొంత ఇష్టం బాగా బయటపడింది. జాజ్ అంటే ఆయనకు ప్రాణమని ఇట్టే తెలిసిపోతుంది. 1718లో ఫ్రెంచివారు కట్టిన ఆ నగరం తరువాత స్పెయిన్ పాలనలోకి, 1803లో అమెరికా చేతికి వెళ్లింది. కాంగో స్క్వేర్‌లో ఆదివారాల్లో బానిసలు గుమిగూడి తమ డప్పులు వాయించుకుని ఆడేవారు. క్యూబా నుంచి వచ్చే ఓడలతో పాటు హబనెరా లయ రేవులో దిగింది. ఆ ఊరి పియానో వాద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో కాంగ్రెస్ గ్రంథాలయంలో పియానో ముందు కూర్చుని, జాజ్‌లో స్పానిష్ ఛాయ ఉండి తీరాలని చెబుతూ ఎడమచేతితో ఆ లయను విడదీసి వాయించిన ముద్రణను ఇక్కడ వినిపించారు. తరువాత డబ్ల్యు.సి. హ్యాండీ 1914లో ప్రచురించిన సెయింట్ లూయీ బ్లూస్‌లో మధ్యభాగం ఆ హబనెరా నడకలోకి మారే చోట మళ్లీ మళ్లీ ముల్లు వెనక్కి పెట్టి చూపారు. బ్లూస్ పేరుతో అంతగా ప్రసిద్ధమైన పాట నడుమ క్యూబా నాట్యపు లయ దాగి ఉందని ఇంత తేటగా చూపడం నేను ఇంకెక్కడా వినలేదు. 1917లో తొలి జాజ్ రికార్డు చేసే అవకాశం, ఆ సంగీతాన్ని పెంచిన నల్లవారికి దక్కకుండా, సిసిలీ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన నిక్ లరోకా నడిపిన తెల్లవారి బృందానికి దక్కిందన్న సంగతిని కూడా ఆయన మరవలేదు.

ఒక్క సాయంత్రానికే రాగలమనేవారు నాలుగోదానికి వెళ్లాలి. ఒకే ప్రాంతంలో ఒకరి పాట ఒకరు నేర్చుకుంటూ పెరిగిన సంగీతాన్ని రికార్డు కంపెనీలు రెండు అరలుగా ఎలా కోశాయో ఆ సాయంత్రం విషయం. 1920 ఆగస్టులో మేమీ స్మిత్ పాడిన క్రేజీ బ్లూస్ ఓకే అనే రికార్డు కంపెనీకి ఊహించని అమ్మకాలు తెచ్చింది. నల్లవారికి అమ్మే రికార్డులకు కంపెనీలు త్వరలోనే రేస్ రికార్డులని పేరు పెట్టి వేరే జాబితా తయారుచేశాయి. 1923లో అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ రికార్డు అమ్ముడుపోయాక, దక్షిణాది తెల్లవారి కోసం మరో జాబితా పుట్టి, హిల్‌బిల్లీ అనే పేరు తెచ్చుకుంది, తరువాత కంట్రీ సంగీతం అన్నది దీన్నే. ఈ రెండు జాబితాల వ్యాపారంలోనూ పనిచేసినవాడు రాల్ఫ్ పీర్. 1927లో టెనెస్సీలోని బ్రిస్టల్ పట్టణంలో కార్టర్ కుటుంబాన్నీ జిమ్మీ రాడ్జర్స్‌నూ మొదటిసారి ముద్రించినవాడు కూడా అతడే. అంటే ఈ గోడ పాట పాడేవారి మధ్య పుట్టలేదు, కొనేవారిని లెక్కగట్టినవారి కాగితాల మీద పుట్టింది.

ఆ గోడకు అటూ ఇటూ వినిపించిన జతలు ఈ పాఠాల్లోకెల్లా ఉత్తమమైనవి. ఎ.పి. కార్టర్ పాటల వేటలో కొండ ఊళ్లు తిరిగినప్పుడు వెంట వెళ్లినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ బాణీని జ్ఞాపకంలో పెట్టుకునేవాడు. కార్టర్ కుటుంబపు రికార్డులు లోకమంతా తిరిగినా, రిడిల్ వాదనం 1960ల దాకా టేపు మీదికి ఎక్కలేదు. ఆ తరువాత ముద్రించిన రిడిల్ గిటారును ముందు వినిపించి, దాని వెనుక కార్టర్ల పాట పెట్టారు. మరో జత ఇంకా ఆశ్చర్యకరమైనది. 1930 జులైలో లాస్ ఏంజెలిస్‌లో జిమ్మీ రాడ్జర్స్ బ్లూ యోడల్ తొమ్మిదో పాట పాడాడు. ఆల్ప్స్ కొండల గొంతు విరుపు, నల్లవారి పన్నెండు కొలతల బ్లూస్ చట్రం, తెల్ల రైల్వే కార్మికుడి యాస అందులో కలిసి ఉన్నాయి. వెనుక ట్రంపెట్ వాయించింది నల్లజాతి జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో వాయించింది ఆయన భార్య లిల్ హార్డిన్. రికార్డు మీద ఆ ఇద్దరి పేర్లూ లేవు. రాడ్జర్స్ ఒక పాదం ముగించగానే ఆర్మ్‌స్ట్రాంగ్ జవాబు చెప్పే తీరు విన్నవారికి, కంట్రీ సంగీతం, జాజ్ అనే పేర్లు ఆ గదిలో ఆ మూడు నిమిషాలకు ఎంత అనవసరమో తెలుస్తుంది. ఈ అరల కథ ముగిసిపోలేదని చెప్పడానికి నిర్వాహకుడు 2019కి వచ్చారు. నల్లజాతి గాయకుడు లిల్ నాస్ ఎక్స్ పాడిన ఓల్డ్ టౌన్ రోడ్‌ను బిల్‌బోర్డ్ పత్రిక తన కంట్రీ పట్టిక నుంచి తొలగించింది. అదే పాట ప్రధాన పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

హవాయీ సాయంత్రం నాకు ఎక్కువ కొత్త విషయాలు చెప్పింది. 1830లలో హవాయీ రాజు పశువులను అదుపు చేయడానికి మెక్సికో నుంచి పశుపాలకులను రప్పించాడు. గిటారు ఆ దీవుల్లో నాటుకోవడానికి వారే ముఖ్య కారణమంటారు. 1879లో రేవన్‌స్క్రాగ్ అనే ఓడలో మదీరా దీవి నుంచి పోర్చుగీసు కూలీలు వచ్చారు. వారి చిన్న తంత్రీవాద్యం యుకులేలేగా మారింది. 1880ల చివరిలో జోసెఫ్ కెకుకు అనే యువకుడు గిటారు తంతుల మీద ఇనుప ముక్క జరుపుతూ వాయించే పద్ధతిని తీర్చిదిద్దాడు. అంతకు ముందే భారతదేశంలో పుట్టి హవాయీ చేరిన గాబ్రియేల్ డేవియన్ అనే అతను అలా వాయించాడని కొందరు చరిత్రకారులు చెబుతారు. 1915 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనశాల తరువాత హవాయీ పాటల మోజు అమెరికా అంతటా పాకింది. 1929లో జో కైపో అనే హవాయీ వాద్యకారుడు జిమ్మీ రాడ్జర్స్ పక్కన కూర్చుని స్టీల్ గిటారు వాయించాడు. నేటి కంట్రీ పాటలో గుండె పట్టేసే ఆ సాగదీత, అమెరికా ప్రధాన భూభాగానికి వేల మైళ్ల దూరంలోని దీవుల నుంచి వచ్చింది. ఆ పద్ధతి మన దేశానికీ చేరింది. హవాయీ వాద్యకారుడు తావు మో 1940లలో కలకత్తాలో నివసించి వాయించాడు, నేర్పాడు. ఆ పాయ చివర్లో విశ్వమోహన్ భట్ గిటారును మార్చి చేసుకున్న మోహన వీణ ఉంది. అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి ఆయన చేసిన ఎ మీటింగ్ బై ది రివర్‌కు 1994లో గ్రామీ లభించింది. ఆ ఆల్బంతో సాయంత్రం ముగించారు. తంతి మీద జరిపి పలికించే గమకం మన చెవికి కొత్త కాదు కాబట్టి, గదిలో అందరి తలలూ ఆడాయి.

న్యూయార్కు పాటల వ్యాపారానికి కేటాయించిన సాయంత్రం ఓ మాదిరిగా సాగింది. రష్యా సామ్రాజ్యంలో పుట్టి 1893లో బాలుడిగా న్యూయార్కు చేరిన యూదుడు ఇర్వింగ్ బెర్లిన్, గాడ్ బ్లెస్ అమెరికానూ వైట్ క్రిస్మస్‌నూ రాశాడన్న ఒక్క సంగతే ఒక పాఠానికి చాలు. తెలిసిన పాటలే ఎక్కువగా వినిపించడం వల్ల ఇది ఇతర సాయంత్రాల స్థాయిని అందుకోలేదు.

అసలు నిరాశ ఏడో సాయంత్రం. మెక్సికో సరిహద్దు, క్యూబా, ప్యూర్టోరికో, అమెరికా ఆదివాసులు, ఇవన్నీ కలిపి ఒక్క సాయంత్రంలోకి కుక్కారు. జర్మన్, చెక్ వలసదారుల అకార్డియన్‌ను టెక్సాస్ మెక్సికన్లు అందుకుని తమ కన్‌హుంతో సంగీతాన్ని నిర్మించిన కథకు రెండు పాటలు మాత్రమే దక్కాయి. వెరాక్రూజ్ ప్రాంతపు జానపద నృత్యగీతం లా బాంబాను 1958లో రిచీ వాలెన్స్ రాక్ పాటగా మార్చిన తీరును వివరించారు గానీ, అసలు వెరాక్రూజ్ బాణీని పక్కన పెట్టి వినిపించలేదు. తక్కిన సాయంత్రాల పద్ధతి తెలిసినవారికి ఈ లోటు వెంటనే తెలుస్తుంది. 1947లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీతో కలిసి మంతేకా అనే పాట రూపొందించిన క్యూబా డ్రమ్మరు చానో పోజోకు పది నిమిషాలు దొరకడానికి కారణం జాజ్‌తో ఆయనకున్న సంబంధమే. షానీ అనే ఆదివాసీ తెగకు చెందిన గిటారిస్టు లింక్ రే 1958లో చేసిన రంబుల్, తరువాతి రాక్ గిటారుకంతటికీ దారి చూపిన ముద్రణ, అది చివరి ఐదు నిమిషాల్లో వచ్చి వెళ్లిపోయింది. మూడో సాయంత్రపు జాజ్ ప్రేమలో కొంత తగ్గించుకుని, ఈ సాయంత్రాన్ని రెండుగా విడదీయాలని నిర్వాహకుడికి నేరుగానే చెప్పాను. తదుపరి వరసలో ఆలోచిస్తామన్నారు.

చివరి సాయంత్రంలో ఒక్క ప్లేటు కోసమే అయినా వెళ్లవచ్చు. 1954లో మెంఫిస్‌లోని సన్ కంపెనీ విడుదల చేసిన ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డుకు ఒక వైపు నల్లజాతి బ్లూస్ గాయకుడు ఆర్థర్ క్రుడప్ పాట, మరో వైపు కెంటకీ తెల్లవాడు బిల్ మన్రో పాట ఉన్నాయి. మన్రో కూడా చిన్నతనంలో ఆర్నాల్డ్ షల్ట్జ్ అనే నల్లజాతి వాద్యకారుడి దగ్గర వింటూ నేర్చుకున్నవాడే. అసలు పాటలు రెండూ ముందు విని, తరువాత ఎల్విస్ ప్లేటును రెండు వైపులా విన్నాం. నల్లజాతి రాక్ గాయకుడు చక్ బెర్రీ 1955 నాటి పాట మేబెలీన్ వెనుక ఐడా రెడ్ అనే పాత ఫిడేలు పాట ఉందని, దానిని ముద్రించిన చెస్ కంపెనీ పోలండ్ నుంచి వచ్చిన యూదు సోదరులదని కూడా అక్కడే తెలిసింది. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ రెండు టర్న్‌టేబుళ్లతో నడిపిన, హిప్‌హాప్ సంగీతం పుట్టిందని చెప్పుకునే వేడుక దగ్గర వరస ఆగుతుంది. రికార్డు ప్లేయర్లు బాగుచేసే దుకాణంలో, రెండు టర్న్‌టేబుళ్లు పక్కపక్కన పెట్టి ఒకే పాటలోని డ్రమ్స్ భాగాన్ని అటూ ఇటూ తిప్పి ఎలా పొడిగిస్తారో చేసి చూపడం చాలా బాగుంది. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరుగా వెళ్లి ప్రయత్నించారు.

వెళ్లదలచినవారికి మరి కొన్ని మాటలు. ప్లాస్టిక్ కుర్చీలు రెండు గంటలు కూర్చోవడానికి అనుకూలంగా లేవు, పెద్దవారు దిండు తెచ్చుకోవడం మంచిది. మేడమెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, దీనిని నిర్వాహకులు వెంటనే సరిచేయాలి. వేసవిలో కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే వీధి హారన్లు. పాటల సాహిత్యానికి తెలుగు అనువాదం ఒక కాగితం మీద ఇస్తున్నారు, కానీ మొదటి నాలుగు సాయంత్రాలకే ఇచ్చారు. ఒంగోలు, కావలి వైపు నుంచి వచ్చేవారు రాత్రి రైలు అందుకోవడానికి వీలుగా ఆరు గంటలకు బదులు ఐదింటికే మొదలుపెడితే బాగుంటుంది. చోటు తక్కువ కాబట్టి శనివారం లోపే దుకాణంలో పేరు రాయించుకోవాలి. రాయించుకునేటప్పుడు వినాలనుకున్న ఒక పాట పేరు చెబితే, వీలైనంతవరకు దానిని ఆ సాయంత్రపు వరసలో సరైన పాట పక్కన చేరుస్తారు.